కూలర్ ఆపరాదు

పౌడర్ గది తలుపు మీదున్న కాగితం లీలావతి రాసిందే. "కూలర్ ఏ వేళలోనూ ఆపరాదు" అని ఎర్ర స్కెచ్ పెన్నుతో, తనకు వచ్చిన వంకర హిందీ అక్షరాల్లో రాసి, కింద సంతకం చేసి, మే తొమ్మిది, 2006 అని తేదీ కూడా వేసింది. ఫరీదాబాద్ ఫ్యాక్టరీల్లో గోడమీది నోటీసును పట్టించుకునే నాథుడుండడు. పొగ తాగరాదు అన్న బోర్డు కిందే నిలబడి బీడీ ముట్టిస్తారు. అలాంటి చోట ఈ ఒక్క కాగితాన్ని మాత్రం అందరూ వేదవాక్కులా పాటించారు. లీలావతి ఖర్మ.

జూలై పదిహేడు, సోమవారం. రెండు వారాల సెలవు ముగించుకుని ఆమె ఎనిమిదిన్నరకే ఫ్యాక్టరీకి వచ్చింది. భర్త శేషగిరికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, ఫైళ్ల ముందు పులి, జ్వరం వస్తే పసిపిల్లాడు. పద్నాలుగు రోజులు గంజి కాచి, మాత్రలు మింగించి, చివరికి ఆయన్ని ఆఫీసుకు తోలి, ఊపిరి పీల్చుకుని వచ్చింది. వచ్చీ రాగానే పౌడర్ గది తలుపు తీసింది.

చల్లటి తడిగాలి ముఖానికి తగిలింది. తడిసిన గడ్డి వాసన. కిటికీలో కూలర్ గుయ్యిమని తిరుగుతోంది, దాని గడ్డి తెరల మీదినుంచి నీళ్లు కారుతున్నాయి. రెండు నిమిషాలు నిలబడేసరికి ఆమె జాకెట్టు చేతులు ఒంటికి అతుక్కున్నాయి. గోడకు తగిలించిన తేమ మీటరు వైపు చూసింది. ముల్లు ఎనభై ఎనిమిది దగ్గర ఉంది. అరవై దాటకూడదు.

దగ్గర్లో ఉన్న బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టింది. మోచేతిదాకా జారిపోవాల్సిన చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. వేళ్లతో పొడిస్తే గోరు విరిగింది. ఇంకో బస్తా తట్టింది. బండరాయిని తట్టినట్టుంది.

అది మంటలార్పే సిలిండర్లు నింపే చిన్న ఫ్యాక్టరీ. లోపల పోసేది తెల్లటి మెత్తటి పొడి, వంటసోడాకు దగ్గరి చుట్టం. సిలిండరు పైనున్న బొడిపె మీద అరచేత్తో కొడితే లోపలి గ్యాసు బుడ్డి పగిలి, ఆ ఒత్తిడికి పొడి గొట్టంలోంచి దూసుకొచ్చి మంట మీద దుప్పటిలా పడాలి. పొడి పొడిగా ఉన్నంతవరకే అది మంటకు శత్రువు. గడ్డకట్టిందా, ఇక అది ఎర్ర రంగు వేసిన రాతిగుండు. ఆ పొడిని గడ్డకట్టకుండా కాపాడటమే లీలావతి ఉద్యోగం. అందుకే ఆమెను క్వాలిటీ ఇన్‌చార్జి అంటారు, అందుకే ప్రతి సిలిండరు మెడలోని చీటీ మీద ఆమె సంతకం ఉంటుంది.

మే నెలలో రేకుల కప్పు కింద ఆ గది నలభై ఏడు డిగ్రీలకు చేరింది. ఎనిమిదేసి బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చేవారు. అడుగు బస్తాలు బరువుకీ వేడికీ అట్టకట్టేవి. లీలావతి నాలుగుకు మించి పేర్చనివ్వలేదు. కింద చెక్కలు వేయించింది, గోడకు జానెడు దూరం పెట్టించింది, లోపలి ప్లాస్టిక్ సంచీ మూతి రెండు ముడులు వేసి కట్టమంది. అయినా గడ్డలు పూర్తిగా పోలేదు. అప్పుడు కూలర్ కావాలని యజమాని సదాశివరావును పోరింది. "పౌడరుకి కూలరేంటమ్మా, రేపు అరటికాయ బజ్జీలు కూడా అడుగుద్దేమో" అని ఆయన ఎగతాళి చేశాడు. చివరికి పెట్టించాడు. రెండు వారాల్లో గడ్డలు మాయమయ్యాయి. ఎండలకు గాలి ఎండు గడ్డిలా ఉన్న రోజులవి, కూలర్ ఇచ్చిన కాస్త తడి ఎక్కడిదక్కడే ఆవిరైపోయింది, చల్లదనం మాత్రం మిగిలింది. సదాశివరావు వచ్చినవాళ్లందరికీ ఆ గది చూపించి, మా లీలావతి బుర్ర అని చెప్పుకున్నాడు. ఆమె కూడా పొంగిపోయింది. అబద్ధమెందుకు, బాగానే పొంగిపోయింది.

కూలర్ వానాకాలంలో పనికిరాదని ఢిల్లీలో పిల్లాడికి కూడా తెలుసు. తొలివాన పడగానే ఒళ్లు జిడ్డోడుతుంది, పంపు కట్టేస్తారు, ఫ్యాను ఒక్కటే వేసుకుంటారు. కానీ అది ఒంటికి తెలిసే సంగతి. పౌడర్ గదిలో కూర్చునే మనిషే లేడు. పైగా తలుపు మీద సంతకంతో సహా నోటీసుంది. 

లీలావతి పుట్టింది కాకినాడలో. ఆ ఊళ్లో ఉప్పు జాడీ ఏడాది పొడుగునా చెమటలు కక్కుతుంది, అప్పడాలు డబ్బాలోంచి తీసేలోపు మెత్తబడతాయి. గాల్లో తడి అంటే ఏమిటో కాకినాడ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ల ఢిల్లీ కాపురంలో ఆ తెలివి ఎక్కడో జారిపోయింది. సముద్రం పక్కన పెరిగి తడిని మరిచిపోయావే అని తనను తానే తిట్టుకుంటూ వెళ్లి కూలర్ స్విచ్ ఆపింది.

"అయ్యో దీదీ, ఆపకూడదు కదా" అంటూ ఫిల్లింగ్ చేసే రామ్‌ఖిలావన్ పరుగెత్తుకొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, ఎంతో నమ్మకస్తుడు. "ఒక్క పూట కూడా ఆపలేదు. కరెంటు పోతే జనరేటర్ మీద నడిపాం" అన్నాడు హిందీలో, మెచ్చుకోలు కోసం చూస్తూ.

ఆమెకు ఏడుపొచ్చింది. "నేను లేనప్పుడు ఈ పొడి ఎక్కడైనా నింపారా?" అని అడిగింది.

"ఒక్క ఆర్డరే దీదీ. అయిదో తారీఖున. పొడి కాస్త గడ్డలు కట్టింది. అలాగే పోస్తామా? చెక్కతో కొట్టి, మెత్తగా జల్లించి నింపాం. పిండిలా అయింది."

పిండిలాగే అవుతుంది మరి. కానీ ఆ పొడిలో రేణువు రేణువుకీ ఒక పూత ఉంటుంది, ఒకదానికొకటి అంటుకోకుండా. చెక్కతో కొడితే ఆ పూత చెదిరిపోతుంది. తడి తాగి, పూత పోయిన పొడిని మూత బిగించి ఉంచితే వారం తిరక్కుండా రాయవుతుంది. రామ్‌ఖిలావన్‌కు ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి గంజి కాస్తోంది.

"ఎన్ని?"

"ఏడు. ఒకటి మన రివాజు ప్రకారం నమూనాగా ఇక్కడే ఉంచాం. ఆరు బేర్ సరాయ్ మెస్సుకు వెళ్లాయి."

లీలావతి ఆఫీసు గదిలోకి నడిచింది. తన బల్ల సొరుగు లాగి చూసింది. సెలవు మీద వెళ్తూ, పని ఆగకూడదని ఇరవై చీటీలమీద ముందే సంతకాలు పెట్టి ఆ సొరుగులో ఉంచింది. అందరూ చేసే పనే. ఇప్పుడు పదమూడున్నాయి. మిగతా ఏడూ సిలిండర్ల మెడల్లో ఉన్నాయి, పరీక్షించి సరిచూశానని ఆమె పేరుమీద సాక్ష్యం చెబుతూ.

ఆ మెస్సు ఆమెకు తెలుసు. ఆర్డరు తెచ్చిందే ఆమె. దక్షిణ ఢిల్లీ బేర్ సరాయ్‌లో సివిల్స్‌కి చదివే తెలుగు పిల్లలకు భోజనం పెట్టే వెంకటసుబ్బయ్య మెస్సు అది. ఒంగోలు మనిషి. జూన్‌లో అక్కడ గోంగూర పచ్చడితో భోంచేసి, ఇరుకు సందు చూసి భయపడి, ఆమే చెప్పింది. ఇక్కడ ఏమన్నా అయితే ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోతుంది బాబాయ్ గారూ, కింద మీ పొయ్యిలు, పైన మూడంతస్తుల్లో పిల్లలు, మెట్లు ఒకటే అని. క్లిప్పు తీసి ఎలా కొట్టాలో కూడా ఆ పూటే ఆయనకు చూపించింది. ఆయన రెండో మాట అనకుండా ఆరు సిలిండర్లు రాయించుకున్నాడు. ఆమె మాట మీద.

ఫోను చేసింది. ఆర్డరు కాగితం మీద ఉన్నది ల్యాండ్‌లైన్ నంబరొక్కటే. మోగదు, ఎంగేజూ రాదు. వానలకు లైను పోయినట్టుంది.

"నమూనా సిలిండరు పెరట్లోకి తే. ట్రేలో డీజిల్ పోసి ముట్టించు" అంది.

ఇనప ట్రేలో మంట నడుమెత్తు లేచింది. లీలావతి సిలిండరు అందుకుని క్లిప్పు లాగి, బొడిపె మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. లోపల టప్‌మని బుడ్డి పగిలిన చప్పుడు వినిపించింది. గొట్టం మంట వైపు తిప్పింది. ఫుస్స్‌మని గాలి వచ్చింది. ఆ గాలితో చిటికెడు తెల్లదుమ్ము ఎగిరింది. అంతే. మంట ఇంకాస్త పైకి లేచింది. ఆమె సిలిండరును తలకిందులు చేసి ఊపింది, అడుగున చరిచింది, మళ్లీ తిప్పింది. ఏమీ రాలేదు. ఆ నిమిషంలో ఆమెకు పెరడు కనిపించలేదు. ఇరుకు మెట్లు, మెట్ల కింద పొయ్యి, ఫుస్స్‌మనే గొట్టం పట్టుకుని నిలబడ్డ ఎవరో మనిషి కనిపించాడు.

రామ్‌ఖిలావన్ ఇసుక పోసి మంట ఆర్పాడు. గ్యాసంతా పోయాక మూత విప్పి సిలిండరు బోర్లించాడు. గుప్పెడు పొడి కూడా రాలలేదు. అతను లోపలికి తొంగి చూసి, నేలమీద చతికిలబడ్డాడు.

"తప్పు నీది కాదు" అంది లీలావతి. "జూన్‌లో నింపినవి ఎన్నున్నాయి? వానలకు ముందువి."

"ఎనిమిది."

ఒకటి తెప్పించి మళ్లీ డీజిల్ ముట్టించింది. బొడిపె మీద కొట్టగానే తెల్లటి మేఘం దూసుకెళ్లి మూడు క్షణాల్లో మంటను మింగేసింది. పెరడంతా తెల్లబడింది. అప్పుడే గేటు దాటి లోపలికి వస్తున్న సదాశివరావు సఫారీ సూటు కూడా తెల్లబడింది.

సదాశివరావు కేంద్ర ప్రభుత్వంలో కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరైనవాడు. సాకేత్‌లో ఫ్లాటు, ఫరీదాబాద్‌లో ఈ ఫ్యాక్టరీ. రాజమండ్రి మనిషి. కోపమొస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"సరే, జరిగిందేదో జరిగింది" అన్నాడు సూటు దులుపుకుంటూ. "జూన్‌వి మిగిలిన ఏడూ టెంపోలో వేయించుకుని వెళ్లు. ఉచిత సర్వీసింగండీ, పాతవి పట్టుకెళ్లి కొత్తవి ఇస్తున్నాం అని చెప్పు. మార్చేసి వచ్చెయ్యి. ఎందుకు, ఏంటి అన్న కథ వద్దు."

"ఆయన అడుగుతారు కదండీ."

"అడిగితే నవ్వు. గురువారం డిపార్ట్‌మెంట్ ఇన్‌స్పెక్షన్ ఉంది లీలావతీ. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. చీటీ మీద సంతకం నాది కాదు, నీది. నీ మంచికే చెబుతున్నాను."

ఆ చివరి మాట ఆమె మెడమీద చల్లగా పడింది. ఆయన బెదిరించలేదు. ఉన్నమాటే అన్నాడు, అదే ఎక్కువ భయంగా ఉంది.

వెళ్లేముందు తలుపు మీది కాగితం పీకి, వెనక్కి తిప్పి, గబగబా రాసింది. "వానల్లో కూలర్ వేయరాదు. తలుపు మూసి ఉంచాలి. మీటరు అరవై దాటితే బస్తా విప్పరాదు, నింపరాదు." రామ్‌ఖిలావన్ కూడబలుక్కుని చదివి, "ఇది ఎప్పటిదాకా దీదీ?" అన్నాడు. అసలు కాగితం మీద ఆమె రాయనిది సరిగ్గా ఆ మాటే. "అక్టోబరు దాకా" అని చేర్చింది. అయినా తృప్తి కలగలేదు. దాని కిందే "ముందు మీటరు చూడాలి" అని కూడా రాసింది.

టెంపో తొమ్మిదిన్నరకే బయల్దేరింది గానీ, బదర్‌పూర్ దగ్గర ఢిల్లీ సరిహద్దులో ఆగిపోయింది. పదకొండు దాకా సరుకుల బండ్లకు నో ఎంట్రీ. నడిపే సర్దార్జీ ఇంజను ఆపి పేపరు తీశాడు. లీలావతి రెండుసార్లు దిగింది, రెండుసార్లు ఎక్కింది. కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లి, మంటలార్పే సిలిండర్లండీ, అర్జెంటు అని బతిమాలింది. ఎక్కడ అంటుకుందని అడిగాడతను. ఇంకా ఎక్కడా అంటుకోలేదు అంది. అయితే పదకొండు దాకా ఆగండి మేడమ్ అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు.

పదకొండుకు కదిలారు. అప్పుడే వాన మొదలైంది. మెహ్రోలీ రోడ్డంతా గుంతలు, తుగ్లకాబాద్ దగ్గర లారీ ఒకటి ఒరిగి సగం దారి మూసేసింది. సాకేత్ దగ్గర కడుతున్న మాల్స్ ముందు బురద, క్రేన్లు, ఇనప ఊచల ట్రాలీలు. లీలావతి గడియారం చూస్తూనే ఉంది. పన్నెండున్నరకు మెస్సులో తొలి పంక్తి. నూట యాభై మందికి వంట. పదకొండున్నర నుంచి పన్నెండు దాకా పెద్ద మూకుడులో అప్పడాలు, వడియాలు వేయిస్తారు. జూన్‌లో ఆమె కళ్లారా చూసింది, మూకుడు నిండా కాగే నూనె, పక్కనే ఉల్లిపాయ బస్తాలు. పన్నెండైంది. పన్నెండుంబావు అయింది. ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంది. ఈ ఒక్క పూట దాటించు స్వామీ, జన్మలో ఖాళీ చీటీ మీద సంతకం పెట్టను అని.

బేర్ సరాయ్ సందులోకి టెంపో పోదు. ఒక సిలిండరు చంకన పెట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పుస్తకాల దుకాణాల ముందునుంచి మోకాళ్లకింది నీళ్లలో నడిచింది. పొగ వాసన కోసం ముక్కు ఎగబీల్చింది. పోపు వాసన తప్ప ఏమీ లేదు. గుండె కుదుటపడుతుండగా మెస్సు కిటికీ కనిపించింది. కిటికీ పైన గోడమీద, మనిషెత్తున, నల్లటి మసి చార ఉంది. జూన్‌లో అది లేదు.

లోపల పిల్లలు భోంచేస్తున్నారు. వెంకటసుబ్బయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. "రామ్మా, రా. నువ్వే గుర్తొస్తున్నావు. నీ మాట వినకపోతే ఏమయ్యేదో అని మా ఆవిడతో రోజూ అంటున్నా."

"ఏమైంది బాబాయ్ గారూ?" అంది.

"పోయిన మంగళవారం మూకుడులో నూనె అంటుకుంది. నువ్విచ్చిన సిలిండరు పక్కనే ఉండాది. మా వంటోడు నాగభూషణం దాన్ని తీసుకున్నాడు. నువ్వు అంత బాగా చూపించి పోయావు కదా, క్లిప్పు తీసి కొట్టమని. చదువురానోడు, క్లిప్పు తీశాడో లేదో, ఏం కొట్టాడో ఏందో. ఫుస్సుమంది, అంతే. దాన్ని అవతల పారేసి తడి గోనెపట్టా మూకుడు మీద కప్పాడు. చెయ్యి కాల్చుకున్నాడు. దేవుడి దయవల్ల ఆరింది. మెట్లమీద పిల్లకాయలు పొగకి ఉక్కిరిబిక్కిరై పోయారనుకో."

"ఆయనేరీ?"

"ఎవుడు, భూషణమా? ఉల్లిపాయలు కోస్తున్నాడు. పొయ్యి దగ్గర వద్దన్నా. ఆపదలో చేతులాడనోడు వంటకి పనికిరాడమ్మా. బుధవారం కొత్తోడు వస్తాడు. వీణ్ణి శ్రీకాకుళం బండెక్కిస్తా."

వెనక వసారాలో ఒకతను పీటమీద కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. ఎడమచేత్తో కత్తిపీట మీద ఉల్లిపాయలు కోస్తున్నాడు, అలవాటు లేక నెమ్మదిగా. చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు అతన్ని దాటుతూ, పెదాలు బిగించి "ఫుస్స్" అన్నారు. నవ్వుకుంటూ పోయారు. అతను తలెత్తలేదు. ఇది మొదటిసారి కాదని ఆ తలెత్తకపోవడంలోనే తెలిసింది.

లీలావతి సెల్లు మోగింది. సదాశివరావు.

"మార్చేశావా?"

"ఇప్పుడే వచ్చానండి. ఇక్కడ పోయిన వారం నూనె అంటుకుందట. మన సిలిండరు పనిచెయ్యలేదు. ఒకతనికి చెయ్యి కాలింది."

"ప్రాణాలకేం కాలేదు కదా?"

"లేదండి. అతనికి వాడటం రాలేదని అనుకుంటున్నారు. ఉద్యోగం తీసేస్తున్నారు."

"అచ్ఛా" అన్నాడు సదాశివరావు. ఆ అచ్ఛాలో ఎంత హాయి ఉందో ఆమెకు వినిపించింది. గొంతు ఇంకా తగ్గించాడు. "అయితే మంచిదేగా. వాళ్లే ఒకటి అనుకున్నారు, అలాగే అనుకోనీ. మార్చేసి వచ్చెయ్యమ్మా. నువ్వేం చెప్పలేదు కదా?"

ఆమె నాగభూషణం చేతికట్టు వైపు చూసింది. నిజానికి దారి ఎంత సుళువుగా ఉంది. ఏమీ చెయ్యక్కర్లేదు, అబద్ధం కూడా ఆడక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, పేరు ఉంటుంది, గురువారం ఇన్‌స్పెక్షన్ సాఫీగా జరుగుతుంది. అతను శ్రీకాకుళం రైలెక్కి, తన చేతులే చేతకానివని నమ్ముతూ బతికేస్తాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తనమీద అసహ్యం వేసింది.

"ఇంకా చెప్పలేదండి" అంది. "ఇప్పుడు చెబుతాను."

ఫోను ఆపేసి వెంకటసుబ్బయ్యను వసారాలోకి పిలిచింది. నిలబడే చెప్పింది. కూలర్ సంగతి, తడి సంగతి, నోటీసు సంగతి, ముందే పెట్టిన సంతకాల సంగతి, పొద్దున పెరట్లో తన చేతిలో కూడా ఫుస్సుమన్న సిలిండరు సంగతి. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆయన ముఖం మారుతూ వచ్చింది.

"అంటే మిగతా అయిదూ?"

"అవీ అంతేనండి. రాళ్లు."

"వారం రోజులుగా వాటిని చూసుకుని నేను నిద్రపోతున్నా" అన్నాడు వెంకటసుబ్బయ్య. "పైన నూట యాభై మంది పిల్లకాయలమ్మా. వాళ్ల అమ్మానాయనలకి నేనేం చెప్పేవాణ్ణి? నువ్వు నా ఇంట్లో కూడు తిని, బాబాయ్ అని పిలిచి, నా గోడకి రాళ్లు తగిలించి పోయావా?"

"మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నా పేరు రాసి, నామీదే ఇవ్వండి" అంది.

"ఇస్తా. ఎందుకియ్యను?" అన్నాడాయన.

కత్తిపీట చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది. నాగభూషణం లేచి నిలబడ్డాడు. లీలావతి చంకలో ఉన్న కొత్త సిలిండరు వైపు చూస్తున్నాడు. "అమ్మా, అది పన్జేస్తాదా?" అని అడిగాడు.

"జూన్‌లో నింపింది. ఇలాంటిదే పొద్దున చూశాను, పనిచేసింది. నా మాట ఇక నువ్వు నమ్మక్కర్లేదు. ఏడు తెచ్చాను, ఒకటి ఎక్కువే ఉంది. ఇది నువ్వే కొట్టి చూడు."

వాన వెలిసింది. ముగ్గురూ సందులోకి వచ్చారు. ఎంగిలి చేతులతో కొందరు పిల్లలు గుమ్మంలోకి వచ్చారు, పైన బాల్కనీల్లో ఇంకొందరు పుస్తకాలు మూసి వంగి చూస్తున్నారు. ఎవరో పైనుంచి "ఫుస్స్" అన్నారు. నవ్వులు వినిపించాయి. నాగభూషణం చెవులు ఎర్రబడ్డాయి. సిలిండరు గట్టుమీద నిలబెట్టి, ఎడమచేత్తో క్లిప్పు లాగాడు. దాన్ని పారెయ్యకుండా పక్కన జాగ్రత్తగా పెట్టాడు. లీలావతి గొట్టం పట్టుకుంది. అతను అరచెయ్యి ఎత్తి బొడిపె మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు.

సందంతా తెల్లబడిపోయింది. ఎదురుగా ఉన్న పుస్తకాల దుకాణం కనిపించకుండా పోయింది. దుకాణంవాడు లోపల్నుంచి హిందీలో తిట్టడం, పిల్లలు దగ్గడం వినిపించాయి. మేఘం మెల్లగా కిందికి దిగింది. నాగభూషణం తల, మీసం, చేతికట్టు అన్నీ తెల్లగా ఉన్నాయి. అతను నవ్వలేదు. ఖాళీ అయిన సిలిండరును, తన ఎడమ అరచేతిని మార్చి మార్చి చూసుకున్నాడు.

"ఆరోజు కూడా నాను ఇలాగే కొట్టినాను" అన్నాడు. "కిలిప్పు తీసినాను. తీసే కొట్టినాను. ఎన్ని పాలిలు సెప్పినా ఎవులూ ఇన్నేదు. ఆకరికి నాకే అనుమానం ఒచ్చీసింది, తీసినానో నేదో అని."

"తీశావు. సరిగ్గానే కొట్టావు" అంది లీలావతి. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "తప్పు నాది."

వెంకటసుబ్బయ్య తల దించుకున్నాడు. బుధవారం వచ్చే కొత్తవాడి సంగతి ఆయన ఎత్తలేదు.

నాగభూషణం బాల్కనీల వైపు చూశాడు. అక్కడ ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. "ఆ మాట నాకు సెప్తే సాలదమ్మా" అన్నాడు, నెమ్మదిగా, అడగకూడనిది అడుగుతున్నట్టు. "మీదున్న బాబులకి కూడా ఇనబడేలా ఒకపాలి సెప్పండి."

లీలావతి సెల్లు మళ్లీ మోగింది. తీయలేదు. తల పైకెత్తి, గొంతు పెంచి, తెలుగులో ఒకసారీ హిందీలో ఒకసారీ చెప్పింది.